నీటిమట్టం చూసినట్టే మార్కులూ చూడాలి
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత జ్ఞాపకాల మీద రెండు మాటలు చెప్పమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. జ్ఞాపకాలు చెప్పడానికి నా కంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను వేరే విషయం ఎంచుకున్నాను. మన బడిలో పదో తరగతి పూర్తి చేసి, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్లలు ముప్పై మంది దాకా ఈ రోజు వచ్చారు. వాళ్లకు మొన్ననే ప్రవేశ పరీక్షల నమూనా పేపరు పెట్టారు. మార్కులు చూసుకున్నాక కొందరు అన్నం కూడా సరిగా తినలేదని ఒక టీచర్ గారు చెప్పారు. అందుకని ఈ పావుగంట వాళ్లకే ఇస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరును. ఉద్యోగం మొదలుపెట్టిన నాటి నుంచి నీటిమట్టాలు చూడటం, రాసుకోవడం నా పని. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టు 16న అదే గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అప్పుడు నేను పదో తరగతి. బూర్గంపాడు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మన బడి వరండాల్లోనే తలదాచుకున్నాయి. మళ్లీ 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు.

ఆ రోజుల్లో కొలబద్ద మీద అంకె చూసి మేమెవరం కొలబద్దను తిట్టలేదు. అంకె చూసి ఏం చేయాలో అది చేశాం. ఎగువన పేరూరు దగ్గర నీరు పెరిగిందంటే భద్రాచలం చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే పడవలు, లారీలు, బియ్యం, మందులు అన్నీ సిద్ధం కావాలి. నమూనా పరీక్ష మార్కు అటువంటి ఎగువ కబురే. అసలు పరీక్షకు ఇంకా నెలల గడువు ఉండగానే మీకు అందింది. ఆ గడువును ఏడుపుకు ఖర్చు పెడతామా, సర్దుకోవడానికి ఖర్చు పెడతామా అన్నదే ఇప్పుడు ఆలోచించాల్సింది.

ఎలా సర్దుకోవాలో ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. చర్ల మండలం నుంచి వచ్చి, మన బడిలో చదివి, ఇంటర్‌కు వెళ్లిన అమ్మాయి. ఆదివారాలు మేం నలుగురైదుగురం పాత విద్యార్థులం ఇక్కడ పిల్లలతో కూర్చుంటాం కదా, అక్కడికి వచ్చేది. నిరుడు సంక్రాంతికి ముందు రాసిన నమూనా ఎంసెట్‌లో ఆమెకు 160కి 52 వచ్చాయి. పేరు ఈఏపీసెట్ అని మారినా మన నోటికి ఎంసెటే వస్తుంది, అలాగే అననివ్వండి.

పండక్కి ఇంటికి తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. మిరప కోతలు మొదలయ్యే రోజులు. కూలీలు దొరకడం లేదు. "యాభై రెండుకు ఇంకెన్ని రోజులు చదివిస్తం సారూ, తోటలోనన్నా సాయంగా ఉంటది" అన్నాడు. అందులో కోపమేమీ లేదు, లెక్క ఉంది. హాస్టలు నుంచి పిల్ల వచ్చేస్తే ఇంట్లో రెండు చేతులు కలిసొస్తాయి. మిరప అయిపోగానే ఇప్పపువ్వు, అది అయ్యేసరికి తునికాకు. ఎంసెట్ వచ్చేది ఏప్రిల్ చివర, మే మొదట్లో. తునికాకు కోసే రోజులూ అవే. మన అడవి పక్క ఊళ్లలో ఒక పిల్ల పరీక్ష రాయడమంటే ఆ ఇంటికి ఒక సీజను కూలీ పోవడమే. ఈ సంగతి తెలియని వాళ్లు పట్నంలో కూర్చుని "పేరెంట్స్‌కు అవగాహన లేదు" అంటుంటారు.

నేను ఆయనతో వాదన పెట్టుకోలేదు. "అన్నా, ఒక గంట కూర్చో, పేపరు చూద్దాం" అన్నాను. ముగ్గురం ఆ వరండాలో కూర్చుని పేపరు విప్పాం.

ఎంసెట్‌లో 160 ప్రశ్నలు. లెక్కలు 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. సమయం మూడు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు. తప్పు జవాబుకు మార్కులు తీయరు. ఇంటర్ మార్కులకు ఇదివరకు ఉన్న 25 శాతం వెయిటేజీ మన రాష్ట్రంలో 2023 నుంచి లేదు. ర్యాంకు మొత్తం ఈ మూడు గంటల మీదే ఆధారపడుతుంది.

ఆ అమ్మాయి లెక్కలతో మొదలుపెట్టింది. గంటా యాభై నిమిషాలు అక్కడే పోయాయి. 80లో 58 చేసి 22 వదిలేసింది. భౌతికశాస్త్రం 40కి 40 చేసింది, దానికి గంటా అయిదు నిమిషాలు. మిగిలినవి అయిదు నిమిషాలు. రసాయనశాస్త్రంలో మూడు ప్రశ్నలు చేసేసరికి గంట కొట్టారు. 37 ప్రశ్నలు చదవనేలేదు. మొత్తం 101 చేస్తే 52 ఒప్పు, 49 తప్పు.

ఆ 49 తప్పుల్ని ఒక్కొక్కటే మళ్లీ చేయమన్నాను. 21 లెక్కలు ఎవరి సాయమూ లేకుండా సరిగ్గా చేసింది. వాటిలో కొన్ని ప్లస్సు మైనస్సు దగ్గర పోయినవి, కొన్ని యూనిట్ల దగ్గర, కొన్ని "కింది వాటిలో సరికానిది ఏది" అన్నచోట "సరైనది" అని చదివినవి. మిగతా 28 నిజంగా రానివి. తర్వాత, చదవకుండా వదిలేసిన రసాయనశాస్త్రం 37 ప్రశ్నలు ఇచ్చి తీరిగ్గా చేయమన్నాను. 19 ఒప్పు వచ్చాయి.

ఇప్పుడు కూడండి. వచ్చినవి 52. వచ్చి కూడా జారిపోయినవి 21. వచ్చి కూడా చేరుకోలేనివి 19. మొత్తం 92. కొత్తగా ఒక్క పాఠం నేర్వకుండానే ఆ పిల్ల దగ్గర 92 మార్కుల చదువు ఉంది. పరీక్ష హాల్లో అన్నీ రాలవు, నిజమే. కానీ 52 అన్న అంకె ఒక్కటే చూసి "ఈ పిల్లకు చదువు రాదు" అనడం తప్పని ఆ కాగితమే చెప్పింది.

వాళ్ల నాన్న అంతసేపూ మాట్లాడకుండా చూశాడు. చివరికి ఒక మాట అన్నాడు: "కళ్లంలో తాలు ఏరినట్టే ఉన్నది సారూ." మిరప పండించేవాళ్లకు వివరించనక్కర్లేదు. కళ్లంలో కాయ ఎండాక తాలు వేరు చేస్తారు, మంచిది వేరు పోస్తారు. తాలు కలిసిందని మొత్తం రాశిని ఎవరూ పారబోయరు. ఏరకుండా మార్కెట్‌కు తీసుకెళితే మాత్రం మొత్తానికి తాలు ధరే కడతారు. ఖమ్మం మిర్చి యార్డులో మన రైతులకు ఇది ఏటా అనుభవమే. నమూనా పరీక్ష రాసి, మార్కు చూసుకుని, పేపరు పక్కన పడేసేవాళ్లు ఏరకుండా అమ్ముకుంటున్నట్టే లెక్క.

కాబట్టి పిల్లలూ, పేపరు రాసిన రోజు సాయంత్రమే మూడు కుప్పలు పోయండి. రానివి ఒక కుప్ప. వచ్చి కూడా తప్పు చేసినవి ఒక కుప్ప. సమయం చాలక వదిలేసినవి ఒక కుప్ప. ఈ మూడింటికీ మూడు వేరు వేరు మందులు.

సమయం చాలనివాళ్లు వరస మార్చాలి. ఆ అమ్మాయి రసాయనశాస్త్రం ముందుకు తెచ్చుకుంది. అందులో సగానికి పైగా ప్రశ్నలు గుర్తుంటే అర నిమిషంలో అయిపోతాయి, గుర్తు లేకపోతే అయిదు నిమిషాలు కూర్చున్నా రావు. 40 ప్రశ్నలు 35 నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయాన్ని లెక్కలకు పెట్టుకుంది. రెండు నిమిషాల్లో దారి కనబడని లెక్కను గుర్తు పెట్టి వదిలేయడం అలవాటు చేసుకుంది. చివరి అయిదు నిమిషాల్లో ఖాళీలన్నీ నింపాలి. ఎంసెట్‌లో తప్పుకు కోత లేదు కాబట్టి ఖాళీ వదలడం మార్కు వదులుకోవడమే.

జేఈఈ మెయిన్ రాసేవాళ్లకు ఈ చివరి సూత్రం పనికిరాదు. అక్కడ 75 ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. గుడ్డిగా 16 జవాబులు పెడితే సగటున నాలుగు తగులుతాయి, 16 మార్కులు వస్తాయి. మిగతా 12 తప్పులకు 12 పోతాయి. నికరంగా నాలుగు మార్కులు. దానికి పోయిన సమయం విలువ అంతకంటే ఎక్కువ. నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే అప్పుడు పెట్టండి.

తెలిసీ తప్పు చేసినవాటికి ఒక నోటుపుస్తకం పెట్టండి. తప్పు ఎందుకు జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి. నెల తిరిగేసరికి అవే మూడు నాలుగు రకాలు మళ్లీ మళ్లీ కనబడతాయి. పరీక్ష ముందు రోజు చదవాల్సింది ఆ పుస్తకమే.

రాని పాఠాల విషయంలో మన పిల్లలు చేసేది, రంగు పెన్నులతో గీతలు గీస్తూ అయిదుసార్లు చదవడం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీదే ప్రయోగం చేశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్లు ముందున్నారు. మీ పరీక్ష అయిదు నిమిషాల్లో లేదు, నెలల తర్వాత ఉంది. అందుకని చదివిన వెంటనే పుస్తకం మూయండి, తెల్లకాగితం తీయండి.

ఈ మాట నాకు శాస్త్రవేత్తల కంటే చాలా ముందు ఈ బడిలోనే ఒక సారు చెప్పారు. మా లెక్కల సారు. పేరు చెప్పనవసరం లేదు, ఈ హాల్లో సగం మందికి ఇప్పటికే గుర్తొచ్చి ఉంటారు. ఈ రోజు వారు మన మధ్య లేరు. నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పాత ప్రశ్నపత్రాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. నాకు వస్తున్న మార్కులు చూసి ఆయన బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. తన హెచ్ఎంటీ గడియారం చేతి నుంచి తీసి బల్ల మీద పెట్టి "మూడు గంటలు, లేవకూడదు" అనేవారు. అయ్యాక పక్కన కూర్చుని తప్పులు చూసేవారు. పైసా తీసుకోలేదు. 1989లో నాకు సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆయన పక్కన కూర్చోవడం వల్లే వచ్చిందని నా నమ్మకం.

మన పిల్లలకు పట్నం పిల్లలకు లేని కష్టాలు రెండున్నాయి. ఒకటి భాష. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ప్రశ్న అర్థం చేసుకోవడంలోనే సగం నిమిషం పోతుంది. ఎంసెట్ పేపరు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ వస్తుంది. జేఈఈ మెయిన్, నీట్ కూడా తెలుగులో రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఏ భాషలో రాస్తారో ఇప్పుడే తేల్చుకుని, ఆ భాషలోనే సాధన చేయండి. రెండోది కంప్యూటరు. 2018 నుంచి మన ఎంసెట్ కంప్యూటరు మీదే. కాగితం మీద 90 తెచ్చుకున్న పిల్లవాడు మౌసు పట్టుకోవడం అలవాటు లేక తడబడటం నేను చూశాను. ఇది పిల్లల లోపం కాదు. మన సంఘం తీర్చగలిగిన కొరత. ఆ మాటకు చివర్లో వస్తాను.

ఆ అమ్మాయి సంగతి పూర్తి చేస్తాను. తర్వాతి పేపరులో 68 వచ్చాయి. ఆ తర్వాత 61కి పడింది. అప్పుడు మళ్లీ ఏడ్చింది. గోదావరి కూడా పెరిగేటప్పుడైనా తగ్గేటప్పుడైనా గీత గీసినట్టు ఉండదు, ఒక్క రీడింగు చూసి ఏదీ తేల్చం అని చెప్పాను. ఆ తర్వాత 79, చివరగా 84. వాళ్ల నాన్న మిరప కోతలకు వేరే ఊరి కూలీలను మాట్లాడుకున్నాడు. తునికాకు రోజుల్లో పిల్లను అడవికి పిలవలేదు. ఆమెకు వచ్చింది ఫ్లెక్సీ కట్టే ర్యాంకేమీ కాదు. ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో సీటు వచ్చింది. ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతోంది.

అదే ఆదివారాల్లో కూర్చున్న ఒక అబ్బాయికి మొదటి పేపరుకూ చివరి పేపరుకూ ఆరు మార్కులే పెరిగాయి. సీటు రాలేదు. బీఎస్సీలో చేరాడు, బాగానే చదువుతున్నాడు. ఇది కూడా చెప్పకపోతే నేను చెప్పినదంతా ప్రకటన అవుతుంది. కుప్పలు పోసిన ప్రతివాళ్లకూ సీటు వస్తుందని నేను హామీ ఇవ్వలేను. తాము ఎక్కడున్నారో తెలుస్తుందని మాత్రం చెప్పగలను.

దారులు కూడా ఒకటి కాదు. జేఈఈ మెయిన్ జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లు జరుగుతుంది. రెండింటిలో మెరుగైనదే లెక్కలోకి తీసుకుంటారు. మన రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలవి. ఐఐటీల్లో సీట్లు మిగిలితే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఇచ్చి, తర్వాత బీటెక్‌లో చేర్చుకునే పద్ధతి ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంకా చిన్న తరగతుల్లో ఉన్నవాళ్లు పదో తరగతి మార్కులతోనే బాసర ట్రిపుల్ ఐటీకి వెళ్లొచ్చని గుర్తుంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో ఈ రోజుకీ పండగ లేదు. మార్కు తెలిసిన రోజు పిల్లవాడిని "ఎన్ని వచ్చినయ్" అని అడిగే ముందు "తిన్నావా" అని అడగండి. పక్కింటి పిల్లల మార్కులు ఆ రోజు ఎత్తకండి. పిల్ల మాట్లాడటం మానేసినా, నిద్ర పోకపోయినా, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" వంటి మాట నోటి నుంచి వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. 14416 అనే టెలీమానస్ నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలూ, మీరు కూడా ఆ నంబరు రాసుకోండి. మీకు అవసరం పడకపోవచ్చు, మీ గదిలో ఉన్న స్నేహితుడికి పడొచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట. నమూనా పరీక్ష మార్కులు పైనుంచి కిందికి వరసగా నోటీసు బోర్డులో పెట్టడం మన దగ్గర వద్దు. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని అరిచే ప్రకటనలు చాలు. ఎవరి కాగితం వాళ్ల చేతికిచ్చి, పది నిమిషాలు పక్కన కూర్చోండి.

చివరిగా, పూర్వ విద్యార్థులారా, ఈ స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కట్టాలని, విగ్రహం పెట్టాలని రకరకాల సలహాలు వచ్చాయి. నేను అడిగేవి మూడే. బడి కంప్యూటరు గది ప్రతి ఆదివారం తెరిచి, ఇంటర్ పిల్లలకు కంప్యూటరు మీద మూడు గంటల నమూనా పరీక్ష పెట్టిద్దాం. చర్ల, దుమ్ముగూడెం వైపు పిల్లలు తెల్లవారుజామున బస్సు పట్టుకుని ఖమ్మం చేరేలోపు గేటు మూసేస్తే ఏడాది శ్రమ పోతుంది. కాబట్టి పరీక్ష ముందు రోజు రాత్రి, ఖమ్మంలో, కొత్తగూడెంలో ఉన్న మన వాళ్లు ఒక్కో ఇంట్లో ఇద్దరేసి పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టాలి. మూడోది, ఒక్కొక్కరం ఒక్కో పిల్లను మన లెక్కలో వేసుకుని, ప్రతి పేపరు తర్వాత ఫోనులోనైనా గంటసేపు ఆ మూడు కుప్పలు పోయించాలి. దీనికి చందా అక్కర్లేదు, గంట చాలు.

బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టాం. ఎడమ పేజీలో పిల్లల పేర్లు రాసి ఉన్నాయి. కుడి పేజీ ఖాళీగా ఉంది. భోజనాలకు వెళ్లే ముందు మీ పేరు, ఫోన్ నంబరు అక్కడ రాసి వెళ్లండి. మొదటి పరీక్ష వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి.